ఇరవై ఒక్క ఇళ్లు, ఇరవై రెండు రోజులు

ఈ లెక్క నేను మొదటిసారి పదో తరగతిలో చేశాను. ఇప్పుడు కోట అనే ఊరి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. ఏటా ఒలింపియాడ్ పరీక్షకు కూర్చునే నలుగురైదుగురు పిల్లల్ని బడి వదిలాక కాసేపు ఉంచి, పావురాల గూళ్ల సూత్రం చెబుతాను. చెప్పిన వారమంతా ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడను. మా ఆయనకు ఇది అలవాటైపోయింది. "పావురాలొచ్చాయా?" అని అడిగి, టీ తనే పెట్టుకుంటాడు.

సూత్రంలో పెద్ద విషయమేమీ లేదు. నాలుగు గూళ్లున్నాయి, ఐదు పావురాలు వచ్చాయి. అన్నీ గూళ్లలోకే పోయాయంటే ఏదో ఒక గూట్లో కనీసం రెండు ఉండి తీరాలి. ఏ గూట్లో, ఏ రెండు అనేది మనకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. వింటే పిల్లలు నవ్వుతారు, ఇది కూడా ఒక సూత్రమేనా అని. ఆ వయసులో నేనూ నవ్వాను.

మా ఊరు పులికాట్ సరస్సు ఒడ్డున ఉంది. బడి రెండు ఊళ్ల అవతల. మా లెక్కల సారు నెల్లూరు నుంచి బస్సులో వచ్చేవారు. ఆ ఏడు ఆయనకు ఎందుకో ఒలింపియాడ్ పిచ్చి పట్టింది. మా క్లాసులో ముగ్గుర్ని ఏరి, రోజుకొక ప్రశ్న బోర్డు మీద రాసి పోయేవారు. ఒకరోజు ఇది రాశారు: ఒక చదరం, భుజం రెండు. అందులో ఐదు చుక్కలు నీ ఇష్టం వచ్చినట్టు పెట్టు. ఎలా పెట్టినా, ఏవో రెండు చుక్కల మధ్య దూరం రూట్ రెండుకు మించదని నిరూపించు.

చుక్కలంటే నాకు బుర్ర పనిచెయ్యదు. అందుకని చదరాన్ని సరస్సు చేసుకున్నాను. అటు రెండు కిలోమీటర్లు, ఇటు రెండు కిలోమీటర్లు. చుక్కలు పడవలు. ఐదు పడవల్ని ఒకదానికొకటి ఎంత ఎడంగా నిలిపినా, ఏవో రెండు ఒకటిన్నర కిలోమీటరు లోపలే ఉంటాయట. నాకు నమ్మకం కుదరలేదు. నాలుగు మూలలకూ నాలుగు పడవలు తోశాను, ఐదోదాన్ని నడిమధ్యలో పెట్టాను. మధ్య నుంచి మూలకు సరిగ్గా రూట్ రెండే వచ్చింది. దాన్ని కాస్త జరిపితే ఇంకో మూలకు దగ్గరైంది. మూలల్లో ఉన్నవాటిని జరిపి చూశాను. నోటుబుక్కు వెనక పేజీలన్నీ సరస్సులే. నాలుగు రోజులు అదే పని. సారుకు చూపిస్తే, "యాభై బొమ్మలు గీశావు, బాగుంది. యాభై ఒకటో బొమ్మ గీసి ఎవడైనా నిన్ను ఓడిస్తే?" అన్నారు. ఒళ్లు మండింది. ఆయన మీద కాదు, ఆ ఐదో పడవ మీద.

ఐదో రోజు పొద్దున మా అమ్మ ఉప్పు చేపలు ఎండబెట్టడానికి టార్పాలిన్ పట్ట పరచమంది. దాన్ని ఎప్పుడూ నాలుగు మడతలు పెట్టి చూరులో దోపేది. పరిస్తే మడతల గీతలు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. అమ్మ గంపలోంచి నాలుగు చేపలు తీసి దూరదూరంగా పెట్టింది, ఐదోది తీసింది. ఆ చేప ఎక్కడ పెట్టినా ఆ నాలుగు ముక్కల్లో ఏదో ఒకదాంట్లో పెట్టాల్సిందే కదా! ఎంత చెడ్డా ఏదో ఒక ముక్కలో రెండు చేపలు పడి తీరతాయి. సారు చదరాన్నీ అలా మడిస్తే ఒక్కో ముక్క భుజం ఒకటి. ఒకే ముక్కలో ఉన్న రెండు చేపలు ఎంత ఎడంగా ఉన్నా ఈ మూలా ఆ మూలా ఉంటాయి, అంటే రూట్ రెండు. అంతకు మించి పోవడానికి చోటే లేదు. నాలుగు రోజులు బొమ్మలు గీసి చచ్చింది దీనికా అని నా మీద నాకే కోపమొచ్చింది. ఆ వెంటనే ఎగిరి గంతేశాను కూడా. చేపలు తొక్కినందుకు అమ్మ వీపు మీద ఒకటి వేసింది.

"గీత మీదే పడవ ఉంటే?" అన్నారు సారు, నేను చెప్పింది విని.

"ఏ పక్క ముక్కలో వేసుకున్నా మనకు నష్టం లేదు సార్."

"ఏ రెండు పడవలో చెప్పలేదే మరి?"

"చెప్పక్కర్లేదు సార్. ఉన్నాయని తేలితే చాలు."

ఆయన బల్ల మీద చరిచారు. ఆ చప్పుడు నాకు మార్కులకన్నా ఎక్కువ. ఆ సాయంత్రం మంచంలో ఉన్న మా నాయనకు చింతగింజలు పేర్చి లెక్కంతా చెప్పాను. భుజం ఎముక జారి, పుత్తూరు కట్టు కట్టించుకుని ఆయన అప్పటికి నెలన్నరగా మంచం మీదే ఉన్నాడు. ఓపిగ్గా విన్నాడు. ఎప్పుడూ నా చదువు గురించి ఒక్క ప్రశ్న వెయ్యని మనిషి, ఆ రోజు రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు.

ఆయన భుజం పోయిందంటే ఏమిటో చెప్పాలి. సరస్సు నీళ్లు సముద్రంలో కలిసే మొగకు దగ్గర్లో ఒక ఇరుకు చోటుంది. రొయ్యలు వచ్చేది ఆ దారినే. అక్కడ వల కట్టే హక్కు మా ఊళ్లో ఇరవై రెండు ఇళ్లకే ఉంది. రోజుకు ఒక ఇల్లు, చీటీ వేసి వరస తీస్తారు. అందరూ ఒక్కసారి పోయొచ్చాక ఒక దఫా అయినట్టు, మళ్లీ చీటీలు. శ్రీహరికోటలో రాకెట్టు ఎగిరే రోజు ఆ నీళ్లలోకి ఎవరూ పోకూడదు కనుక ఆ రోజు లెక్కలోకి రాదు, వంతు ఉన్న ఇల్లు మర్నాడు పోతుంది, వెనకవాళ్లంతా ఒక రోజు జరుగుతారు. వల కట్టాలంటే పడవలో ఇద్దరు మగవాళ్లుండాలి. వరసగా రెండు దఫాలు వల కట్టని ఇల్లు జాబితాలోంచి పోతుంది. పోయిన ఇల్లు మళ్లీ ఎక్కిన దాఖలా లేదు. భుజం పోవడం వల్ల మేము ఒక దఫా పోగొట్టుకున్నాం. రెండోది కూడా పోతే మా ఇల్లు లేదు. అందుకే నాయన నొప్పి పూర్తిగా తగ్గకపోయినా, పడవలో పక్కన ఉండడానికి మా అమ్మ అన్నను, అంటే మా మామను, మాట తీసుకుని పెట్టుకున్నాడు.

జాబితా కాగితం మీద ఉండదు. ఊరి పెద్దాయన తలలో ఉంటుంది. చీటీ తీసిన రోజు వరస ఆయనకే తెలుసు, రోజూ సాయంత్రం రేపటి ఇల్లు ఆయనే పిలుస్తాడు. ఆ రెండో దఫా మమ్మల్ని పిలవలేదు. ఇవాళ పిలుస్తాడు, రేపు పిలుస్తాడు అని చూస్తుండగానే దఫా అయిపోయింది, ఆదివారం కొత్త చీటీలు అన్నారు.

ఆదివారం పొద్దున వలలు బాగుచేసే పాకలో ఊరంతా కూడింది. నాయన నన్ను వెంట రమ్మన్నాడు. ఆడపిల్లను ఆ పాకలోకి తీసుకుపోవడం నేనెప్పుడూ చూడలేదు. "నీ పడవల లెక్క చెప్పినావే, అట్లాంటిదే మనకు ఈడ పడింది. నేను చెప్పమన్నప్పుడు చెప్పు," అన్నాడు. నేను మురిసిపోయాను. ఎంత మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ముందు నాయనే లేచాడు. "అన్నా, నా వంతు రాలేదు."

"మీ వంతు రాకెట్టు రోజున పడిందబ్బా," అన్నాడు పెద్దాయన. "నేనేం చేసేది? పోయి రాకెట్టును ఆపేదా?"

అందరూ నవ్వారు.

"రాకెట్టు రోజు లెక్కలోకి రాదు గదన్నా. మర్నాడు నాది గదా?"

"మర్నాడు వరసలో ఉండే ఇల్లు పోయింది. అట్లా జరిగిపోయింది. అయినా నా పెద్దరికంలో ఒక్క రోజన్నా చోటు ఖాళీగా పెట్టినానా? ఇరవై మూడు రోజుల్లో రాకెట్టు రోజు తీసేస్తే ఇరవై రెండు రోజులూ వల పడింది. అడగండి ఎవర్నైనా."

అందరూ అవునన్నారు. నాయన వదల్లేదు, ప్రమాణం కావాలన్నాడు. మా ఊళ్లో ప్రమాణానికి ఒక పద్ధతి ఉంది. ఇంటికొక మగమనిషి చెయ్యి తడుపుకుని, వల అంచు పట్టుకుని, తన చేతి సంగతి తను చెప్పాలి. ఇంకొకరి చేతి సంగతి ఎత్తకూడదు. ఎత్తితే తప్పు. వాడు కట్టాడు, వీడు కట్టాడు అంటూ పాకలోనే కొట్టుకుంటారని ఎప్పుడో పెట్టుకున్న కట్టుబాటు. ఒక్కొక్కరే లేచారు. "ఈ చేత్తో నేను ఒక్కసారే కట్టినా." "ఈ చేత్తో నేను ఒక్కసారే కట్టినా." పెద్దాయన, ఆయన తమ్ముడు, మా మామ, అందరూ. నేను వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాను. ఇరవై ఒక్క మంది. ఆఖర్న నాయన వల పట్టుకుని, "ఈ చేత్తో నేను ఒక్కసారి కూడా కట్టలేదు," అని నా వైపు తిరిగాడు. "చెప్పమ్మా."

లేచాను. "పెదనాయనా, ఇరవై రెండు రోజులూ వల పడిందని మీరే చెప్పినారు. మా ఇల్లు పోలేదు. మిగిలింది ఇరవై ఒక్క ఇళ్లు. అందరూ ఒక్కోసారే పోయుంటే ఇరవై ఒక్క రోజులే అవతాది. ఇంకో రోజు వల ఎవరు కట్టినట్టు? ఎవరో ఒక ఇంటివాళ్లు రెండుసార్లు కట్టుండాల. ఆ రెండోది మాది."

మగవాళ్లంతా పెద్దాయన వైపు తిరిగారు. నేను గెలిచాననుకున్నాను.

"ఎవరు?" అన్నాడు పెద్దాయన.

"ఎవరో నాకు తెలీదు. తెలియాల్సిన పని లేదు. ఉండారని తేలింది గదా."

"పని లేదా? ఇరవై ఒక్క మంది వల పట్టుకుని చెప్పినారు. అందరూ దొంగలా?"

"అందరూ కాదు పెదనాయనా. ఒక్కరు."

"ఆ ఒక్కరి పేరే గదమ్మే నేనడిగేది. చెప్పు."

ఎంత చక్కటి ఏర్పాటో చూడండి. ఎవరి సంగతి వాళ్లే చెప్పుకోవాలి, ఇంకొకరి పేరెత్తితే తప్పు అని ఊరికంతా కట్టుబాటు. ఆ పాకలో ఇంకొకరి పేరు చెప్పమని నిలదీసింది ఒక్క నన్నే. బోర్డు ముందు సారు బల్ల చరిచిన లెక్క అది. అందులో వేలు పెట్టి తప్పు చూపించగలిగినవాడు ఒక్కడు లేడు. ఇరవై ఒకటి ఇరవై రెండు కాదని ఆ పెద్దాయనకు తెలియదా? గంపలు లెక్కపెట్టడంలో ఒక్క చేప తేడా రానిచ్చే మనిషి కాదు ఆయన. లెక్క కాదనలేక పేరు అడిగాడు.

"పేరు చెప్పలేనప్పుడు ఊరందరి మీదా నింద వేసినట్టే. ప్రమాణాన్ని కాదన్న ఇంటికి జాబితాలో చోటు లేదు," అన్నాడు ఆయన. "లేదూ, లెక్క తప్పయిందని పిల్ల ఒప్పుకుంటే, పోనీలే చిన్నపిల్ల అని ఈ దఫా మాఫ్ చేస్తాం. పేరు ఉండనిస్తాం."

నాయన నా పక్కకు వచ్చాడు. "తప్పయిందని చెప్పమ్మా."

"తప్పు కాలేదు నాయనా."

"చెప్పమ్మా."

పాక బయటి గుంజ దగ్గర ఆడవాళ్లలో అమ్మ నిలబడి ఉంది. ఆమె వైపు చూశాను. ఆమె కాలి బొటనవేలు చూసుకుంటోంది.

"నా లెక్క తప్పు," అన్నాను.

ఆ మూడు మాటలూ నా నోటితోనే అన్నాను. ఆ తర్వాత ఎన్నో పరీక్షల్లో ఎన్నో తప్పులు చేశాను, ఒక్కటీ గుర్తులేదు. తప్పు కానిదాన్ని తప్పన్న ఆ ఒక్కసారి మాత్రం నిన్న జరిగినట్టుంది. పెద్దాయన పెద్దమనసుతో తలాడించాడు. మామ వచ్చి నా తలమీద చెయ్యేసి, "ఊరుకో కోడలా, చదువుకునే పిల్లవు, నీకెందుకియ్యన్నీ," అన్నాడు. ఆయన చొక్కాలో మొహం దాచుకుని ఏడ్చాను.

సోమవారం సారుకు చెప్పాను. ఆయన వచ్చి పెద్దాయనకు ఒక్క మాట చెబితే చాలని నా ఆశ. "నీ నిరూపణ నూటికి నూరు పాళ్లు కరెక్టు," అన్నారు. "కానీ ఊళ్లో గొడవల్లో మనం తలదూర్చకూడదమ్మా. పరీక్ష దగ్గర పడింది, దాని మీద పెట్టు నీ కోపం." బోర్డు మీద కరెక్టు, పాకలో కాదు. బల్ల చరిచిన ఆ చెయ్యి పాక దాకా రాలేదు. నాకు ఆయన మీద గౌరవం ఆ రోజే పోయింది, మళ్లీ రాలేదు.

పరీక్ష నెల్లూరులో. మూడో ప్రశ్న చూడగానే అరికాలి మంట నెత్తికెక్కింది. ఒకటి నుంచి వంద దాకా సంఖ్యల్లో ఏ యాభై ఒకటి ఎంచుకున్నా, పక్కపక్కనుండే రెండు సంఖ్యలు అందులో ఉంటాయని నిరూపించమన్నారు. ఒకటీ రెండూ ఒక జత, మూడూ నాలుగూ ఒక జత, అలా యాభై జతలు. యాభై జతల్లోంచి యాభై ఒక్క సంఖ్యలు తీస్తే ఏదో ఒక జతలోంచి రెండూ వచ్చి తీరాలి. నాలుగు లైన్లు. పెన్ను ఎంత నొక్కి రాశానో కాగితం చిరిగింది. చివర్న "ఏ రెండో చెప్పనక్కర లేదు" అని అవసరం లేకపోయినా రాసి, కింద రెండు గీతలు కొట్టాను. ఆ పేపరు దిద్దినవాళ్లు ఏమనుకున్నారో తెలియదు. పై రౌండుకు నన్ను పిలిచారు.

ఆ కబురు తెలిసి మామ మలైకాజాల పెట్టె పట్టుకొచ్చాడు. "మా కోడలు లెక్కల్లో దిట్ట," అని ఊరంతా చెప్పుకున్నాడు. నేను మూడు తిన్నాను.

కొత్త దఫాలో మా వంతు వచ్చింది. నాయన, మామ కలిసి వల కట్టారు. మధ్యాహ్నం ఇద్దరూ మా ఇంట్లోనే అన్నానికి కూర్చున్నారు. ఇల్లు జాబితాలో నిలిచింది, అందరూ సంతోషంగా ఉన్నారు. నేను మాత్రం ఆ పాకను మర్చిపోలేదు. పెద్దాయన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. మా రోజు ఆయన తమ్ముడే మింగి ఉంటాడని, వల పట్టుకుని అబద్ధమాడిన చెయ్యి పుచ్చిపోతుందని అన్నాను. "తినేటప్పుడు ఊరుకో," అంది అమ్మ. మామ గబగబా చెయ్యి కడుక్కుని పోయాడు.

నేను ఆపలేదు. నాయన కంచం పక్కకు జరిపి, "ఆ రోజు కట్టింది మీ మామేనమ్మా," అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పాడు. ఇంజన్ పడవలో మామకూ పెద్దాయనకూ చెరి సగం. రాకెట్టు మర్నాడు మమ్మల్ని పిలవకుండా, మామనే పంపించాడు పెద్దాయన. ఒడ్డున చేపలు ఎండబెడుతున్న అమ్మ ఆ పడవ పోవడం కళ్లారా చూసింది. ఊరంతా చూసింది.

"మరి చెప్పలేదేం?" అని అమ్మ మీద అరిచాను.

"చెప్పి? మీ నాయన పక్కన పడవెక్కేదెవరు, నువ్వా?"

"నేనే ఎక్కతా!"

"ఎక్కనిస్తారా?" అంది, కంచాలు తీస్తూ.

నాయన తన భుజం మీద చెయ్యేసుకుని కూర్చున్నాడు. "ఆయన పేరు చెప్తే పడవలోకి మనిషి లేడు. చెప్పకపోతే వంతు లేదు. నీ లెక్కలో పేరు చెప్పే పని లేదంటివి. అందుకే గదమ్మా నిన్ను పాకలోకి తీసకపోయింది."

అంటే ఆయన నా లెక్కను నాకన్నా బాగా అర్థం చేసుకున్నాడు. పేరు లేకుండా న్యాయం అడగడానికి అంతకన్నా మంచి దారి లేదని వినగానే పట్టుకున్నాడు. అది తెలిసినా నా కోపం తగ్గలేదు, ఈ రోజుకూ తగ్గలేదు. ఎందుకంటే ప్రమాణం చేసిన ఇరవై ఒక్క మందికీ ఆ పేరు తెలుసు. మా నాయనకు తెలుసు. గుంజ దగ్గర తల వంచుకుని నిలబడిన మా అమ్మకు తెలుసు. ఆ పాకలో తెలియనిదాన్ని నేనొక్కదాన్నే. పేరు చెప్పమని వాళ్లు అడిగింది నన్నే.